ఇరవై ఆరు అడుగుల ఇల్లు

హ్యాండిల్ తిరుగుతోంది కానీ తలుపు రావడం లేదు. ఆర్లిస్ మళ్ళీ తిప్పింది. పిడి చేతిలో వదులుగా గిరగిరా తిరిగింది, లోపలి గడియ మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. భుజం ఆనించి నెట్టింది, మోకాలు ఆనించింది, కొత్తగా వేసిన తుంటి కీలు గుర్తొచ్చి ఆగిపోయింది. ఈ గడియ సంగతి వెర్లిన్‌కి రెండు పార్కుల కిందటే చెప్పింది. ఇల్లమ్మి, ట్రక్కు వెనక తగిలించుకుపోయే ఈ ట్రెయిలర్లోకి మారాక వాళ్ళిద్దరూ కాలాన్ని నెలల్లో కాక, బండి ఆపుకున్న పార్కుల్లో లెక్కపెడుతున్నారు. రెండు పార్కుల కింద, వాన వదలని ఆ పార్కులో, వాళ్ళ కుక్క డాటీ ఉడుత వెంట పడి తప్పిపోయిన పార్కులో, అంతే. "గడియ పట్టేస్తోంది వెర్లిన్, ఒకసారి చూడు" అంటే "పట్టుకోకపోతే అది గడియెలా అవుతుందే" అన్నాడు మొగుడు. తనే నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నలభై రెండేళ్ళ కాపురంలో అతని ప్రతి హాస్యానికీ నవ్వింది, అందులో సగం నవ్వులు ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

అయిదు నిమిషాల పనని లోపలికొచ్చింది. పద్నాలుగేళ్ళ నల్ల లాబ్రడార్ మూస్‌కి ఎండ తగులుతోందని, కడుపు కింద తువ్వాలు వేసి రెండు మెట్లూ ఎత్తి లోపలికి తెచ్చింది. దాని వెనక కాళ్ళు పట్టు తప్పి అయిదారు పార్కులైంది. వెనకాలే డాటీ, మచ్చల టెర్రియర్, ఎవరు ఎక్కడికి పోతే అక్కడికి నేనూ అనే రకం, ఎగిరి వచ్చి పడింది. సరస్సు మీంచి వచ్చిన గాలికి తలుపు దానంతటదే టప్పున మూసుకుంది. అప్పుడేమీ అనుకోలేదు. నీళ్ళ గిన్నె నింపి, మూస్ నాలుగు గుక్కలు తాగేదాకా కూర్చుని, ఫోను బయట మరిచానని లేచింది. ఫోను అదిగో, చెక్కబల్ల మీద, ఈగల జాలీ కింద ఉన్న రొట్టె పక్కన. పదడుగుల దూరం. ఇవాళ నాలుగింటిలోగా ఆ ఫోన్లో ఒక మనిషికి అవునో కాదో చెప్పాలి. చేతి గడియారంలో రెండూ నలభై.

అప్పుడే ఏసీ ఆగింది. వాళ్ళదొక్కటే కాదు, వరసలో ఉన్న అన్ని బండ్ల ఏసీలూ ఒక్కసారి ఆగిపోయాయి, ఆ వెంటనే ఎంతోసేపటినుంచి ఉన్నా వినపడని అలల చప్పుడు వినపడింది. కరెంటు పోయింది. జులై ఎండకి రేకు గోడలు టిక్కుటిక్కుమంటున్నాయి. ఆర్లిస్ ఉన్న కిటికీలన్నీ తెరిచింది, తెరవడమంటే ఏముంది, జానెడు సందు, చెయ్యి పడుతుంది, బయటి హ్యాండిల్ అందదు, మనిషి పట్టదు. పై గాలిమూత ఎత్తింది. "ఎవరైనా ఉన్నారా" అని పిలిచింది. తన గొంతు తనకే వింతగా అనిపించింది, ఎందుకంటే అది పిలిచినట్టు లేదు, ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమని అడిగినట్టుంది. బుధవారం మధ్యాహ్నం, ఎవరుంటారు, అందరూ నీళ్ళ మీదే. వెర్లిన్ కూడా పక్క బండి క్లిఫ్ పడవలో వాలై చేపలకి వెళ్ళాడు, అయిదు దాటితే గాని రాడు. నాలుగో బండి దగ్గర ఎవరో జనరేటరు ఆన్ చేసినట్టున్నారు, దాని రొద మొదలైంది. ఇక ఆమె అరిచినా ఆ రొదలోనే కలిసిపోతుంది.

కూర్చో, కంగారు పడకు అని తనకి తనే చెప్పుకుంది. మంచం దగ్గర్నించి తలుపుదాకా పదకొండు అడుగులు, తలుపునించి భోజనబల్లకి నాలుగు. ఇరవై ఆరు అడుగుల బండిలో నడవగలిగేది పదిహేనే, తక్కినదంతా అలమరాలు. వెర్లిన్ పెట్టిన నియమం ఒకటుంది, కొత్త వస్తువు ఒకటి లోపలికొస్తే పాతది ఒకటి బయటికి పోవాలి. దుప్పటి వస్తే కోటు పోయింది. తన తల్లి ఇచ్చిన గుండ్రటి పెద్ద పెనం, క్రిస్మస్‌కి బంగాళదుంప రొట్టెలు కాల్చే పెనం, ఏ అలమరాలోనూ పట్టలేదు. దాన్ని తమ ఇల్లు కొనుక్కున్న పిల్లకి వదిలేసింది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది దేనికండీ, పిజ్జాకా" అంది. "అవునమ్మా, పిజ్జాకే" అంది ఆర్లిస్. ఎందుకలా అంది? ఒక్క మాటతో సరిపోయేది కదా, కూర్చో పిల్లా నేర్పిస్తానంటే. కానీ బయట వెర్లిన్ ట్రక్కు ఇంజను ఆన్ చేసి ఉంచాడు, మూస్ అప్పుడు కుర్రకుక్కలా వెనక సీట్లో తోక కొడుతోంది, అందరూ సంతోషంగా ఉన్నారు, సంతోషంగా ఉన్నవాళ్ళని ఎంతసేపు ఆపుతాం?

ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడతను. "ఒకే రోడ్డు, ఇటునించి అటు, అటునించి ఇటు. ఆ రోడ్డు చివర ఏముందో ఒక్కసారైనా చూడొద్దా" అనేవాడు. చూడాల్సిందే కదా, తప్పేముంది. అతను చెడ్డవాడైతే ఎంత బాగుండేది. తాగి కొట్టేవాడైతే, ఇంకో ఆడదాని పేరు నిద్రలో పలవరించేవాడైతే, ఆమెకి ఒక మాట దొరికేది, ఆ మాట పట్టుకుని బయటికి వచ్చేసేది. వెర్లిన్ పొద్దున్నే లేచి ఆమె కంటే ముందు కాఫీ పెడతాడు. ఆమె తుంటి ఆపరేషను అయినప్పుడు ఆరు వారాలు తనే మేజోళ్ళు తొడిగాడు. ప్రతి కొత్త సరస్సు ముందు బండి ఆపి, కుర్చీలు రెండూ పక్కపక్కన వేసి "చూడు ఆర్లిస్, చూడు" అంటాడు, ఆ సరస్సుని తనే తవ్వించినట్టు. ఆమె చూస్తుంది. నిజంగానే బాగుంటుంది. పొద్దున నీటి మీద పొగ, లూన్ పక్షి కూత, బిర్చి చెట్ల తెల్లని కాళ్ళు. పక్క బండ్ల ఆడవాళ్ళు "మీరెంత అదృష్టవంతులండీ" అంటారు. అదృష్టవంతురాలు ఏమని ఏడుస్తుంది? అందం కూడా ఒక్కోసారి మనిషి నోరు నొక్కేస్తుంది. అరవై సరస్సులు చూసిందేమో మూడేళ్ళలో, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అన్నీ ఒకే నీరు, ఒడ్డున పెరుగుతున్నదేదీ తను నాటింది కాదు.

మూస్ రొప్పుతోంది. నాలుక ఒకపక్కకి వేలాడేసి, కళ్ళు ఆమె మీదే పెట్టి, ఏదో ఒకటి చేస్తావుగా అన్నట్టు చూస్తోంది. తడిగుడ్డ తెచ్చి దాని మెడ కింద, పాదాల మీద అద్దింది. నల్ల బొచ్చు, ఎండనంతా దాచుకునే బొచ్చు. టాంకులో నీళ్ళు చల్లగా లేవు. చలిపెట్టెలో ఐసు ముక్కలు పన్నెండు, అవీ కరుగుతున్నాయి. డాటీ తలుపు దగ్గర కూర్చుని గీకుతోంది, గీకి ఆమె వంక చూస్తోంది, మళ్ళీ గీకుతోంది. "నాకు తెలుసే" అంది ఆర్లిస్, "నాకు తెలుసు." తను పనిచేసిన బడి వంటింట్లో పెద్ద చలిగది ఒకటుండేది, మూడువందల మంది పిల్లల పాలూ మాంసం ఉండే గది. దాని తలుపుకి లోపలివైపు ఆకుపచ్చ బుడిపె ఒకటి. ఎవరైనా లోపల ఉండగా తలుపు పడితే ఆ బుడిపె నొక్కితే చాలు, వచ్చేస్తుంది. ప్రతి శుక్రవారం నొక్కి చూసేది, ఇరవై ఆరేళ్ళు. మనుషులు లోపల ఇరుక్కుపోతారని ముందే ఆలోచించి ఆ బుడిపె పెట్టినవాడెవడో, వాడి తల్లి వాణ్ణి బాగా పెంచింది.

ఈ బండికీ ఉంది అలాంటిది. మంచం తలవైపు పెద్ద కిటికీ, ఎర్ర గొళ్ళేలు రెండు, ప్రమాదం వస్తే తోసుకుని దూకే కిటికీ. ఆర్లిస్ మంచమెక్కి మోకాళ్ళ మీద నిలబడి ఎర్ర గొళ్ళేలు లాగింది. కదల్లేదు. అప్పుడు చూసింది, చూసి గుర్తు తెచ్చుకుంది. కిందటేడు అర్కన్సాలో వాన కారుతోందని వెర్లిన్ దాని చుట్టూ తెల్లటి రబ్బరు జిగురు పూశాడు, చాలలేదని నాలుగు మూలలా నాలుగు మరలు బిగించాడు. "మరి ఏదైనా అయితే?" అంటే, "ఏమవుతుందే, మనమేమన్నా దొంగలమా కిటికీలోంచి దూకడానికి" అన్నాడు. ఆ రాత్రి పక్క తడవలేదు. ఆమె థాంక్స్ కూడా చెప్పింది.

పనిముట్లన్నీ బండి కింది పెట్టెలో, బయట. రొట్టె కోసే కత్తి తెచ్చింది. జిగురు ముందు మొరాయించి తర్వాత పొడుగాటి తెల్ల తీగలా ఊడి వచ్చింది, ఊడుతుంటే ఒక రకం సుఖంగా ఉంది, గాయం మీద పెచ్చు ఊడినట్టు. వెన్న కత్తి మొనతో మరలు తిప్పింది. ఒకటి వచ్చింది. చెమట కళ్ళలో పడి మండింది. రెండోదీ వచ్చింది. సోల్వెగ్ ఫోను చేస్తుందా, లేక నాలుగు కొట్టగానే ఇంకొకరికి ఇచ్చేస్తుందా? రెండు పార్కుల కింద, బట్టలుతుక్కునే కొట్టు పక్కన, సోల్వెగ్ నూలు కొట్టు. నూలు ఉండలు చూద్దామని వెళ్ళింది, అంతే. వెనక రెండు గదులు అద్దెకి అని గాజు మీద కాగితం. "చూస్తారా" అంది ఆవిడ, డెబ్బై దాటినావిడ, కళ్ళజోడు తాడుకి ఊలు అల్లిన మనిషి. చూసింది. గిన్నెలు కడిగే తొట్టి మీద కిటికీ. పెరట్లో నేల, ఎవరూ తవ్వని నల్లటి నేల. గోడలు సున్నం గోడలు. ఆర్లిస్ వేలి కణుపుతో కొట్టి చూసింది, లోపల గట్టిగా పలికింది. మేకు కొడితే నిలిచే గోడ. ఈ రేకు డబ్బాలో మేకు కొడితే అవతల ఆకాశం కనపడుతుంది. "ఆలోచించుకుని చెప్పండి, బుధవారం నాలుగింటిదాకా ఎవరికీ ఇవ్వను" అంది సోల్వెగ్. పన్నెండు రోజులు ఆలోచించింది. పన్నెండు రోజులూ కాఫీ తాగుతూ, చూడు ఆర్లిస్ అంటే చూస్తూ, నోటిదాకా వచ్చిన మాటని కాఫీతో కలిపి మింగింది. నాలుగు దాటిపోతే బాగుండునని కూడా ఒక మనసు కోరుకుంది. చెప్పాల్సిన పని తప్పుతుందిగా. అదిగో, దేవుడు ఆ మనసు మొర విన్నట్టున్నాడు, తలుపేశాడు.

మూడో మర తల అరిగిపోయింది. వెన్న కత్తి వంగి, జారి, ఆమె బొటనవేలు గీరింది. రక్తం చీకుతూ బయటికి చూసింది. పార్కు చూసుకునే బెవ్, తెల్ల టోపీ, చెవుల్లో పాటల తీగలు, బ్యాటరీ బండి మీద మెల్లగా వస్తోంది. ఆర్లిస్ అద్దం మీద రెండు చేతులా కొట్టింది. "బెవ్! బెవ్! తలుపు పట్టేసింది!" బెవ్ తలెత్తి చూసింది. ముఖమంతా నవ్వు చేసుకుని చెయ్యి ఊపింది. ఆర్లిస్ ఇంకా గట్టిగా కొట్టింది, బెవ్ ఇంకా ఉత్సాహంగా రెండు చేతులూ ఊపి, ఎండ ఎక్కువగా ఉంది లోపలే ఉండమన్నట్టు ఏదో సైగ చేసి, చెట్ల మలుపులో మాయమైంది. మంచి మనిషి. అందరూ మంచివాళ్ళే. ఆర్లిస్ అద్దం మీద ఆనిన తన చేతుల్ని చూసుకుంది. చచ్చిపోతున్నా సరే, దూరంనించి చూసేవాళ్ళకి పలకరిస్తున్నట్టే కనపడతానా నేను?

మూడూ నలభై అయిదు. బల్ల మీద ఫోను వెలిగింది. కదిలి కదిలి అంచుదాకా జరిగింది, ఆగింది. వెనక నుంచి మూస్ గొంతులో ఎన్నడూ వినని చప్పుడు, దగ్గు కాదు, మూలుగు కాదు. వెనక్కి తిరిగితే అది లేవబోయి పక్కకి పడి ఉంది, రొప్పడం ఆగి ఆగి వస్తోంది. ఇంక అందులో ఆలోచించేదేం లేకపోయింది. రెండు కుక్కల్నీ స్నానపుగదివైపు లాగి తెర వేసి, పొయ్యి కింద సొరుగులోంచి ఇనప బాణలి తీసింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, దేన్నీ పగలగొట్టని మనిషి, పెళ్ళినాటి గాజు గ్లాసులు ఆరూ ఆరు గానే అమ్మేసిన మనిషి, మంచం మీద మోకాళ్ళూని కిటికీని కొట్టింది. బాణలి ఎగిరి వెనక్కొచ్చింది. మళ్ళీ కొట్టింది. గొంతులోంచి ఏదో బయటికొచ్చింది, పేరో తిట్టో తెలియదు, మళ్ళీ కొట్టింది. అద్దం అంతా ఒక్కసారి పంచదార పలుకులై రాలిపోయింది, సరస్సు గాలి దబ్బున ముఖాన తగిలింది.

దుప్పట్లన్నీ అంచు మీద పరిచి బోర్లా పడుకుని కాళ్ళు బయటికి జార్చింది. నేల ఎంత దూరముందో తెలియదు. చేతులు వదిలేసింది. పైన్ ఆకుల మీద కూలబడింది, మోకాలు చీరుకుంది, తుంటి నిలబడింది. చుట్టూ తిరిగి ముందుకొచ్చి బయటి హ్యాండిల్ పట్టుకుంటే తలుపు ఒక్క వేలికి తెరుచుకుంది, ఏమీ ఎరగనట్టు. డాటీ దూకింది. మూస్‌ని తువ్వాలుతో, ఆ తర్వాత తువ్వాలు లేకుండా రెండు చేతులా కౌగిలించుకుని, ముప్పై కిలోల ముసలి కుక్కని ఎలా మోసిందో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయింది, నీళ్ళదాకా తెచ్చి, బట్టలతోనే సరస్సులో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అది నీళ్ళు నాకింది. తోక ఒకసారి నీటిమీద కొట్టింది. ఆర్లిస్ దాని తడి నుదుటిమీద నోరు ఆనించి అలాగే ఉండిపోయింది.

ఫోను చేసేసరికి నాలుగుంపావు.

"టైము దాటిందమ్మా" అంది సోల్వెగ్.

"తెలుసండి. లోపల ఇరుక్కుపోయాను."

"ఎక్కడ?"

"ఇంట్లో."

"ఇంకొకావిడ చూసి వెళ్ళింది" అంది సోల్వెగ్. "ఆవిడకి కుక్కల్లేవు."

"నాకొకటుంది. ముసలిది. మెట్లెక్కలేదు."

"ఇక్కడ మెట్లే లేవుగా. మొత్తం ఎంతమంది ఉంటారు?"

ఆర్లిస్ నీళ్ళవైపు చూసింది. "నేనూ, కుక్కా" అంది. చెప్పాక ఆ మాట ఎంత చిన్నగా ఉందో, ఎంత నిజంగా ఉందో వినపడింది. "అప్పుడప్పుడు ఒకాయన వస్తూ పోతూ ఉంటాడు."

"సరే, ఒకటో తారీఖుకి వచ్చెయ్యండి" అంది సోల్వెగ్, ఆ ఒకాయన ఎవరో అడక్కుండా.

వెర్లిన్ అయిదున్నరకి వచ్చాడు, తాడుకి నాలుగు వాలైలు గుచ్చి, ముక్కు ఎండకి కమిలి. కిటికీ చూసి ఆగిపోయాడు. "ఎలుగుబంటి వచ్చిందా ఏంటి?"

"వచ్చింది. లోపల్నించి."

ఆమె మోకాలు చూశాడు, తడి బట్టలు చూశాడు, నీడలో పడుకున్న మూస్‌ని చూశాడు. జరిగింది చెబితే చేపలు బల్ల మీద పడేసి "ఆ గడియ అలా ఎందుకు పడుతుంది, నువ్వు గాభరాలో సరిగా తిప్పి ఉండవు" అన్నాడు. అని, చూపిస్తానుండు అన్నట్టు లోపలికెళ్ళి తలుపు లాక్కున్నాడు. హ్యాండిల్ తిరిగిన చప్పుడు. మళ్ళీ తిరిగిన చప్పుడు. "ఆర్లిస్" అన్నాడు లోపల్నించి, మామూలుగానే. ఆ తర్వాత, "ఆర్లిస్, తియ్యి. నిప్పులగుండంలా ఉందిక్కడ."

ఆమె హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. తీస్తే అతని ముఖం కనపడుతుంది, ఆ ముఖం చూస్తే పన్నెండు రోజులుగా మింగినట్టే మళ్ళీ మింగుతుంది.

"వెర్లిన్, నేను రెండు గదులు తీసుకున్నాను. నూలు కొట్టు వెనక. ఒకటో తారీఖునించి. నేనింక ఈ బండిలో ఉండలేను. నువ్వుండు. నువ్వు మానుకోవద్దు. నేనుండలేను."

డాటీ తలుపు కింది సందులో ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఎప్పట్నించి?" అన్నాడు చివరికి.

"మొదట్నించీ."

"రానంటే మానేసేవాణ్ణి కదే."

"మానేసేవాడివి. మానేసి మన పాత ఇంటి పెరట్లో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడివి. అందుకే అన్లేదు."

తలుపుకి ఆనుకున్నట్టున్నాడు, గొంతు బాగా దగ్గరగా వచ్చింది. "ముప్పై తొమ్మిదేళ్ళు ఆ పెరట్లోనే ఉన్నాను ఆర్లిస్. ప్రతి వసంతం ఆ లైలాక్ కంచె కత్తిరిస్తుంటే ఎవరో గొంతు పట్టుకున్నట్టుండేది. కత్తెర పడేసి ట్రక్కెక్కి పోదామనుకునేవాణ్ణి. నువ్వేమో వంటింటి కిటికీలోంచి చెయ్యి ఊపేదానివి."

ఆర్లిస్‌కి ఆ కిటికీ గుర్తొచ్చింది, తన చెయ్యి గుర్తొచ్చింది, కంచె పక్కన కత్తెరతో ఆగి తనవైపు చూసి నవ్వే మొగుడు గుర్తొచ్చాడు. అన్ని వసంతాలూ ఎంత నిండుగా అనిపించేది ఆ నవ్వు! తలుపు తీసింది.

వెర్లిన్ చెమటతో తడిసి మెట్లు దిగాడు. కోప్పడలేదు. నీడలో మూస్ పక్కన నేలమీద చతికిలబడి దాని చెవి నిమురుతూ కూర్చున్నాడు. ఆమె అతని పక్కనే కూర్చుంది, మోకాలు మంటపుడుతోంది.

"వీడికి మెట్లున్నాయా అక్కడ?"

"ఒక్కటీ లేదు."

"అయితే వీడు నీతోనే ఉండాలి." డాటీ వంక చూశాడు. "డాటీ నాతో వస్తుంది. దానికి కిటికీలోంచి తల బయటపెట్టకపోతే తోచదు."

"ఊఁ."

"నా గురించి ఏం చెప్పావావిడకి?"

"ఒకాయన వస్తూ పోతూ ఉంటాడన్నాను."

వెర్లిన్ నవ్వబోయాడు, రాలేదు. "ఒకాయన" అన్నాడు మెల్లగా, కొత్త చొక్కా తొడుక్కుని చూసుకున్నట్టు. "ఆ ఒకాయన వచ్చేముందు ఫోను చెయ్యాలా?"

"చెయ్యాలి" అంది ఆర్లిస్. "నేను రొట్టెలు కాల్చి ఉంచాలి కదా."